ఈశ్వరయ్య చొక్కా గుండీలు

ఈశ్వరయ్యకు ఓర్వలేనితనం కొత్తగా వచ్చిన జబ్బు కాదు. మైలోమా బయటపడి ఐదు నెలలే అయింది గానీ, ఇది మాత్రం పుట్టినప్పటి నుంచీ ఉంది. నంద్యాల బడిలో పక్కవాడి పలక తన పలక కంటే నల్లగా ఉందని ఏడ్చిన ఘనుడు. యూనివర్సిటీ లైబ్రరీలో బైండరుగా చేరాక, తనతోపాటు చేరినవాడికి కిటికీ పక్కన బల్ల దొరికిందని రెండేళ్లు వాడితో మాట్లాడలేదు. లాలాపేట్‌లో తాము అద్దెకున్న ఇంట్లో కింది వాటా వాళ్లకు కుళాయి నీళ్లు ధారగా వస్తాయని, ఇప్పటికీ పొద్దున్నే మెట్ల మీద నిలబడి వాళ్ల బిందెల వంక చూస్తాడు. ఆయన భార్య విశాలాక్షి జాకెట్లు కుడుతుంది. మొగుడి సంగతి ఎవరైనా ఎత్తితే మిషను ఆపకుండానే చెబుతుంది: "మా ఆయనకు తాను తిన్నది అరగదు. పక్కింటోళ్లు పస్తుంటే అరుగుతాది."

ఇంత కుళ్లుబోతు మనిషికీ ఒక్క విషయంలో మాత్రం ఎవరి మీదా అసూయ ఉండేది కాదు. అవి తన వేళ్లు. ముప్పై ఒక్కేళ్లుగా లైబ్రరీ అడుగు అంతస్తులో పాత పుస్తకాలకు కుట్టు వేసిన వేళ్లు అవి. కాగితాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి రుద్దితే చాలు, దాని పోగు ఏ వైపు నడుస్తోందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఎనిమిది ఆకులు కలిపి మడిచిన ఫారంలో ఏడే ఉంటే చెయ్యి పడగానే తెలిసిపోయేది. మైనం పూసిన దారాన్ని కాస్త ఎక్కువ లాగితే పాత కాగితం తెగుతుంది, కాస్త తక్కువ లాగితే పుస్తకం వదులవుతుంది. ఆ 'కాస్త' ఎంతో కంటికి కనపడదు, వేలికే తెలియాలి. ఇప్పుడంతా పుస్తకం వీపున గమ్ము పూసి అంటించేసే కాలం. చేత్తో ఫారాలు కుట్టేవాడు క్యాంపస్ మొత్తం మీద ఆయన ఒక్కడే మిగిలాడు. వచ్చే వేసవిలో రిటైరయ్యేలోగా రెండు బీరువాల నిండా ఉన్న పాత ఉర్దూ పాఠ్యపుస్తకాలు కుట్టిపెట్టి పోవాలన్నది ఆయన పంతం. ఉర్దూ ఒక్క ముక్క రాదు. అయినా కుడివైపు నుంచి తెరుచుకునే ఆ పుస్తకాలంటే ప్రాణం, ఎందుకంటే వాటిని కుట్టడం ఇంకెవరికీ చేతకాదు.

జూన్‌లో ఒక రోజు పుస్తకాల కట్ట ఎత్తబోతే నడుములో ఏదో కలుక్కుమంది. నెల రోజులు బామ్ రాసుకున్నాడు. తగ్గకపోతే తార్నాక చౌరస్తా వెనక వీధిలోని ఆసుపత్రికి వెళ్లాడు. రక్తం తీశారు, మూలుగ తీశారు, చివరికి డాక్టర్ అరుంధతి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. మల్టిపుల్ మైలోమా. మూలుగలో కొన్ని కణాలు దారి తప్పి పనికిరాని ప్రోటీను తయారు చేస్తున్నాయి, అది ఎముకలను గుల్ల చేస్తోంది. మందుంది. బోర్టెజోమిబ్ అనే సూదిమందు, సోమవారం ఒకటి, గురువారం ఒకటి, పొట్ట చర్మం కింద. రెండు వారాలు వేసి మూడో వారం విడుపు.

"ప్రోటీను అంకె తగ్గుతూ వస్తే మందు పని చేస్తున్నట్టు" అంది డాక్టరమ్మ. "కానీ ఈ మందు నరాలను కూడా తాకుతుంది ఈశ్వరయ్య గారూ. చేతుల్లో, కాళ్లలో తిమ్మిరి మొదలైతే వెంటనే చెప్పాలి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు కనపడతాయి గానీ మీ వేళ్లలో ఏమవుతోందో కనపడదు. మీరు చెబితేనే మాకు తెలుస్తుంది."

ఈశ్వరయ్య తల ఊపాడు. ఆ మాటల్లో ఆయన చెవికి ఎక్కింది ఒక్కటే: అంకె తగ్గాలి. అంకె అన్నాక దాని పక్కన పెట్టి చూసుకోవడానికి ఇంకొకడి అంకె ఉండాలి కదా. దేవుడు ఆ లోటు కూడా ఉంచలేదు. పక్క కుర్చీలో సామేలును కూర్చోబెట్టాడు.

సామేలు జనగామ వైపు మనిషి. క్యాంపస్‌లోనే ఒక హాస్టల్ మెస్సులో ఇరవై ఏళ్లుగా వంట చేస్తున్నాడు. లావుపాటి చేతులు, మోచేతుల దాకా నూనె చిందిన మచ్చలు, పెద్ద గొంతు. అదే జబ్బు, అదే మందు, అదే సోమవారం మొదలు. మొదటి రోజున ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు చూసుకున్నారు. సామేలు ప్రోటీను అంకె నాలుగున్నర, ఈశ్వరయ్యది నాలుగు. ఆ అర తేడాకు ఈశ్వరయ్య లోలోపల ఎంత సంతోషించాడో చెప్పుకుంటే సిగ్గుచేటు.

డే కేర్ వార్డులో సూది వేసేది సుధామయి సిస్టర్. ఆమె పద్ధతి పద్ధతే. ముందు ఆ రోజు రక్తపరీక్ష చూస్తుంది. ఇంకో సిస్టరును పిలిచి ఇద్దరూ కలిసి పేరు, నంబరు, మందు కొలత సరిచూస్తారు. పోయినసారి పొట్టకు కుడివైపు వేస్తే ఈసారి ఎడమవైపు, మానిన చోటుకు దూరంగా. సర్పి రాకుండా వేసుకోవాల్సిన మాత్ర వేసుకున్నారా అని అడుగుతుంది. గ్రీన్ టీ జోలికి పోవద్దని, అది ఈ మందుకు అడ్డం పడుతుందని రెండుసార్లు చెప్పింది. ఇవన్నీ అయ్యాక సూది విప్పకముందే ప్రశ్నలు మొదలవుతాయి. వేళ్లకు తిమ్మిరి ఉందా? చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందా? నడుస్తుంటే తూలుతున్నారా? లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా? విరేచనం సరిగ్గా అవుతోందా?

"ఏం లేదు సిస్టర్" అనేవాడు ఈశ్వరయ్య. నిజంగానే మొదట్లో ఏం లేదు. ఆయనతో ఆమె పని రెండు నిమిషాల్లో అయిపోయేది.

సామేలుతో పావుగంట పట్టేది. ఆ మనిషి నోరు విప్పితే మూసేవాడు కాదు. "సిస్టరమ్మా, నిన్న పొద్దుగాల కాలి బొటనవేలు ఝుమ్మన్నది. మొన్న రసం తాగితే నోట్ల రుచి తెల్వలే. గురువారం సూది ఏసిన కాడ ఎర్రగ అయింది, సూడు జర." ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, వాడి పాదాలు ఒళ్లో పెట్టుకున్నంత దగ్గరగా వంగి, దూదితో తాకి చూసి, అన్నీ రాసుకునేది. మధ్యలో నవ్వేది కూడా. ఈశ్వరయ్యకు ఒళ్లు మండిపోయేది. ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో నోరెత్తి నొప్పి అనని మనిషికి రెండు నిమిషాలు. చీమ కుట్టినా చాటింపు వేసే వంటవాడికి పావుగంట. లోకంలో న్యాయం అనేది ఎప్పుడో చచ్చిపోయిందని ఆయనకు గట్టి నమ్మకం ఏర్పడింది.

ఇంతటితో ఆగినా బాగుండేది. సామేలును చూడటానికి హాస్టల్ పిల్లలు వచ్చేవాళ్లు. ఒకరు కొబ్బరిబోండం, ఒకరు దానిమ్మపళ్లు, ఒకరు మెట్రో దాకా తోడు. ఈశ్వరయ్య చేత్తో కుట్టిన పుస్తకాలు చదివి డాక్టరేట్లు తెచ్చుకున్న వాళ్లు వేలమంది ఉంటారు, ఒక్కడైనా తొంగిచూశాడా? పుస్తకం తెరిచినవాడు కుట్టు వంక చూడడు, పప్పు తిన్నవాడు మాత్రం వండినవాడిని గుర్తు పెట్టుకుంటాడు. ఒకసారి విశాలాక్షి తోడు వచ్చినప్పుడు సామేలు ఆమెకు తన కుర్చీ ఇచ్చి, మెస్సు నుంచి తెచ్చిన ఉప్మా పెట్టాడు. దారిపొడుగునా ఆమె ఒకటే పాట: "ఎంత మంచి మనిషప్పా. జబ్బు వచ్చినట్టే లేదు." ఆ రాత్రి ఈశ్వరయ్య ఇంట్లో ఉప్మాకు నిషేధం పడింది.

సెప్టెంబరు రిపోర్టులు వచ్చాయి. ఈశ్వరయ్య అంకె రెండుకు దిగింది. ఇంటికొచ్చి పాయసం చేయించుకోవాల్సిన విషయం. కానీ సామేలు అంకె ఒకటిన్నర. వెనకాల నుంచి వచ్చి దాటిపోయాడు. దానికి తోడు, ఆ వచ్చే గురువారం పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"సామేలు రాలేదే?" అన్నాడు ఈశ్వరయ్య, ఏమీ పట్టనట్టు.

"ఆయనకు ఇకనుంచి వారానికి ఒకటే అంకుల్. సోమవారాలే వస్తారు" అంది సిస్టర్. ఇంకొకరి వైద్యం సంగతి అంతకంటే చెప్పకూడదు, చెప్పలేదు.

చెప్పని దాన్ని ఈశ్వరయ్య తానే పూరించుకున్నాడు. జబ్బు లొంగింది కాబట్టి సగం సూదులు మాఫీ చేశారు. ఇంకేముంది, వాడు ఒడ్డున పడ్డాడు. తాను మాత్రం ఇంకా వారానికి రెండుసార్లు పొట్ట చూపించుకుంటూ నీళ్లలోనే ఉన్నాడు. ఆ రోజు తార్నాక నుంచి లాలాపేట్ దాకా నడుస్తూ ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. మందు ఒక్క చుక్క కూడా తగ్గకుండా, ఒక్క గురువారం కూడా తప్పకుండా వేయించుకోవాలి. ఆ వంటవాడిని పట్టుకోవాలి.

సరిగ్గా ఆ వారంలోనే వేళ్ల చివర్లు ఝుమ్మనడం మొదలైంది.

మొదట చలి అనుకున్నాడు. సెప్టెంబరు ఉక్కలో చలి ఎక్కడిదని తనను తాను అడగలేదు. తర్వాత పురుగు పట్టకుండా మైదా గంజిలో కలిపే మైలుతుత్తం పడలేదనుకున్నాడు. దారం తెగితే దారాన్ని తిట్టాడు, కాగితం చిరిగితే కాగితాన్ని తిట్టాడు. నిజం ఆయనకు తెలియక కాదు. డాక్టరమ్మ మాట గుర్తుంది. కానీ చెబితే ఏమవుతుంది? మందు తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు. ఆపితే అంకె ఆగుతుంది. సామేలు దూరంగా వెళ్లిపోతాడు. వేళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు వీడి సంగతి చూడాలి.

అక్టోబరులో సిస్టర్ ఒక రోజు అనుమానంగా, "అంకుల్, ఒకసారి నా ముందు గుండీలు పెట్టండి" అంది. చొక్కా అంచు, గుండీ, కంత, ఏది ఎక్కడుందో వేళ్లకు అందలేదు. "ఏసీ చల్లగా ఉండాది సిస్టర్, చేతులు కొంకర్లు పోతాండాయి" అని నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. "వచ్చేసారి మళ్లీ చూస్తాను" అని పుస్తకంలో రాసుకుంది.

ఆ సాయంత్రం ఆయన ఐదు చొక్కాలు తెచ్చి విశాలాక్షి మిషను మీద పడేశాడు.

"వీటికి టిచ్ బటన్లు కుట్టు. జాకెట్లకు కుడతావే, టక్కున నొక్కుకునేటివి. పైన గుండీలు మాత్రం ఉన్నట్టే కనపడాల."

ఆమె కళ్లద్దాల మీదుగా చూసింది. "ఏమైంది నీ వేళ్లకు?"

"ఏం కాలేదు. గుండీలు ఊడిపోతాండాయి."

"ఊడిపోతే గట్టిగా కుడతా. దొంగ గుండీలు యాలప్పా?"

"చెప్పింది చెయ్యి" అన్నాడు. మాత్రల వల్ల చిరాకు ఎక్కువైందని సరిపెట్టుకుని ఆమె కుట్టిపెట్టింది. మొద్దుబారిన వేలు కూడా నొక్కితే టిచ్ బటన్ పడుతుంది. తర్వాతి సోమవారం సిస్టర్ ముందు టకటకా గుండీలన్నీ పెట్టి చూపించాడు. కళ్లు మూసుకోమని దూదితో పాదం తాకితే, రెప్పల సందులోంచి చూసి "ఇక్కడ, ఇక్కడ" అని చెప్పాడు. ఆమె రాసుకుంది: తిమ్మిరి లేదు. పరీక్షలో కాపీ కొట్టి పాసైన కుర్రాడిలా ఉబ్బిపోయి ఇంటికెళ్లాడు. మోసపోయింది ఎవరో ఆయనకు అప్పుడు తట్టలేదు.

నవంబరులో ఒక పొద్దున లైబ్రరీ మెట్లెక్కుతుంటే గేటు దగ్గరి మనిషి పిలిచాడు. "ఈశ్వరయ్య సాబ్, ఒక చెప్పు ఏదీ?" కిందికి చూసుకున్నాడు. ఎడమకాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియదు. తార్నాకలో రోడ్డు దాటేటప్పుడా, క్యాంపస్ గేటు లోపలా? అరికాలికి గాజుపెంకు గీరుకుని నెత్తురు ఎండిపోయి ఉంది. అది కూడా తెలియలేదు. విశాలాక్షితో కుక్క ఎత్తుకుపోయిందన్నాడు. ఆ రోజు ఆయనకు మొదటిసారి భయం వేసింది. భయం వేసినా గురువారం సూదికి వెళ్లాడు, "ఏం లేదు సిస్టర్" అన్నాడు. ఉర్దూ బీరువాల్లో ఒకటే అయింది. రెండోదానిలో పుస్తకాలు నెలకు ఇరవై కుట్టేవాడు ఇప్పుడు నాలుగు కుడుతున్నాడు. అవీ వదులే.

డిసెంబరు మొదటి వారంలో, శుక్రవారం మధ్యాహ్నం, సామేలు బైండింగ్ గదికే వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"అన్నా, గీ బుక్కు జర కుట్టియ్యవా? మెస్సుల సాంబారు మీద పడ్డది. పేజీలన్ని ఊడినయ్."

రెండు వందల పేజీల పొడుగు నోట్‌బుక్కు. కుట్టు తెగి, ఆకులన్నీ తలకిందులై, చింతపండు వాసన కొడుతోంది. "ఏంది ఇది?" అన్నాడు ఈశ్వరయ్య.

"నా సూదుల లెక్క. ఏ దినం ఏ దిక్కు ఏసిన్రు, తెల్లారి ఏమైంది, అన్ని రాస్కుంట. కొత్తగ అచ్చినోళ్లకు సూపిస్త అన్నది సిస్టరమ్మ. గిట్ల చినిగినది ఇస్తే ఏం బాగుంటది?"

అంటే వీడి నోట్‌బుక్కు ఆసుపత్రిలో ప్రదర్శనకు పెడతారన్నమాట. ఈశ్వరయ్య కడుపులో మంట గొంతు దాకా వచ్చింది. కానీ పుస్తకం చేతికిస్తే కాదనడం ఆయనకు రాదు. "సోమవారం తెస్తాలే" అన్నాడు. వాడు వెళ్లగానే, వీపున గమ్ము పూసి పారేద్దామా అనుకున్నాడు. అలా చేయడానికి ముప్పై ఒక్కేళ్ల చెయ్యి ఒప్పుకోలేదు. కుట్టాలంటే ముందు ఆకులు వరసలో పెట్టాలి. వరసలో పెట్టాలంటే తేదీలు చదవాలి. తేదీ చదివిన కన్ను దాని కింది వాక్యం మీద పడకుండా ఉంటుందా?

ఒక్కో ఆకూ సర్దుతూ, ఫారానికి సూది ఎక్కిస్తూ చదువుతున్నాడు.

'పదకొండో సూది. కడుపు ఎడమ దిక్కు. రాత్రి కాళ్లకు చీమలు పాకినట్టు అయింది. సిస్టరమ్మకు చెప్పిన.'

'పద్నాలుగో సూది. రెండు పాదాలు మొద్దు. చెప్పు జారితే తెలుస్తలేదు. డాక్టరమ్మ చూసింది. మందు తగ్గించింది, ఇగ వారానికి ఒక్కటే. తక్కువ మందుతోని పని అయితదా అని అడిగిన. అయితది, నరాలు పోతే మాత్రం తిరిగి తెచ్చుడు కష్టం అన్నది. ఇంటికి పోయి మస్తు ఏడ్చిన.'

ఈశ్వరయ్య ఆ ఆకు రెండుసార్లు చదివాడు. మాఫీ కాదు. పాదాల కోసం కోసిన కోత. ఆయన మూడు నెలలుగా వెంటపడి తరుముతున్న మనిషి పందెంలో ముందు లేడు. సగం మందు మీద, భయపడుతూ, ఏడుస్తూ నడుస్తున్నాడు. అయినా వాడి అంకె తగ్గింది. తన వేళ్లు మాత్రం పోయాయి.

తర్వాతి ఆకు.

'పదహారో సూది. బైండింగ్ ఈశ్వరన్న గుండీలు టకటక పెట్టుకునుడు సూసిన. ఆయనకు పూరా మందు పడుతున్నది. ఒక్క తిమ్మిరి గూడ లేదట. ఒకే దినం మొదలుపెట్టినం, ఒకే మందు, మరి నా కాళ్లే ఎందుకు పోవాలె? ఆయనను సూస్తే కడుపుల మండుతున్నది. దేవా, గీ కుళ్లు నాలకెల్లి తీసెయ్యి.'

ఆ వాక్యం మీద ఎర్రటి చుక్క ఉంది. సాంబారు అనుకుని తుడిచాడు. అది సాగింది. ఇంకో చుక్క పడింది. అప్పుడు చెయ్యి వైపు చూసుకున్నాడు. సూది చూపుడువేలి కొసలో గుచ్చుకుని ఇవతలికి వచ్చి ఉంది. దాని వెనకాల దారం కూడా జానెడు దూరం చర్మంలోంచి వచ్చేసింది. ఆయన తన వేలిని ఆ పుస్తకానికి కుట్టుకున్నాడు, నొప్పి అనేదే లేదు.

కత్తెరతో దారం తెంపి, వేలికి గుడ్డ చుట్టాడు. మందుకు ప్లేట్‌లెట్లు తగ్గి ఉన్నాయి కాబట్టి నెత్తురు ఒక పట్టాన ఆగలేదు. ఆ గుడ్డ తడుస్తున్నంతసేపూ బల్ల దగ్గరే కూర్చున్నాడు. కొంతసేపటికి ఏడుపు వచ్చింది. నొప్పికి కాదు, నొప్పి రానందుకు.

నెత్తురు ఆగాక మిగతా ఫారాలు ఎలాగో కుట్టేసి, ఇంటికెళ్లి ఐదు చొక్కాలూ మళ్లీ మిషను మీద పెట్టాడు. "టిచ్ బటన్లు తీసెయ్యి. మామూలు గుండీలు కుట్టు" అన్నాడు. చుట్టిన వేలు చూసి విశాలాక్షి మిషను ఆపేసింది. అంతా చెప్పాడు. చెప్పు సంగతి కూడా. ఆమె తిట్టలేదు, అదే ఆయనకు దుర్భరంగా ఉంది. "నా చేత్తోనే కుట్టిచ్చినావు కదయ్యా ఆ దొంగ గుండీలు" అంది. ఆదివారమంతా ఒక్కొక్కటే విప్పి, అసలు గుండీలు కుట్టింది.

సోమవారం సుధామయి సిస్టర్ ప్రశ్నలు మొదలుపెట్టకముందే ఈశ్వరయ్య అడ్డుపడ్డాడు.

"సిస్టర్, నేను మీకు అబద్ధం చెప్పినా. వేళ్లు సెప్టెంబరు నుంచే మొద్దు. కాళ్లు కూడా. ఆ రోజు పెట్టినవి గుండీలు కావు, టిచ్ బటన్లు."

ఆమె ముఖం పాలిపోయింది. కోపం వచ్చిందో, భయం వేసిందో తెలియలేదు. సిద్ధం చేయించబోతున్న మందు ఆపించి డాక్టరమ్మను పిలిపించింది. అరుంధతి వచ్చి వేళ్లూ పాదాలూ పట్టి పట్టి చూసింది. ఇప్పటికి సూది ఆపేయాలంది. కొన్ని వారాలు ఆగి, తిమ్మిరి తగ్గాకే తక్కువ కొలతతో, వారానికి ఒకటే.

"స్పర్శ తిరిగొస్తాదా డాక్టరమ్మా?"

"చాలామందికి నెలల మీద కొంత వస్తుంది. మీకు ఎంత వస్తుందో ఇప్పుడు చెప్పలేను. సెప్టెంబరులో చెప్పి ఉంటే ధైర్యంగా చెప్పేదాన్ని." ఆమె కాగితం తిప్పింది. "మీ అంకె కూడా బాగానే తగ్గింది ఈశ్వరయ్య గారూ. మీరు ఎవరితో పోటీ పడుతున్నారు?"

పోటీ పడ్డ మనిషి పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు.

డాక్టరమ్మా సిస్టరూ వెళ్లాక ఈశ్వరయ్య సూది కోసం విప్పిన చొక్కా సర్దుకోబోయాడు. కింది గుండీతో మొదలుపెట్టాడు. ఒకసారి జారింది. రెండోసారి కంత దొరకలేదు. మూడోసారి గుండీ పట్టుకున్నానో వదిలేశానో కూడా తెలియలేదు. సామేలు కాసేపు చూసి లేచి వచ్చాడు. అడగకుండానే ముందుకు వంగి గుండీ అందుకున్నాడు.

"నీ బుక్కు కుట్టినా" అన్నాడు ఈశ్వరయ్య, సంచి చూపిస్తూ. "కుట్టు వదులు. ఒక పేజీ నెత్తురైంది."

"ఏ పేజీ అన్నా?"

"పదహారో సూదిది."

సామేలు చెయ్యి రెండో గుండీ మీద ఆగిపోయింది. ముఖం పైకెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "సదివినవా?" అన్నాడు మెల్లగా.

"వరస పెట్టాల గదా. చదివినా" అన్నాడు ఈశ్వరయ్య. "నేనయితే పుస్తకంలో రాయలేదు, అంతే."

సామేలు రెండో గుండీ పెట్టి మూడోది అందుకున్నాడు. లావుపాటి వేళ్లు, నూనె మచ్చల వేళ్లు, గోళ్లలో ఇంకా పసుపు. వాటిని బల్ల మీద పెట్టి ఎవరైనా అడిగితే పుస్తకం సంగతి దేవుడెరుగు, కవరు కూడా అంటించలేవని ఈశ్వరయ్య చెప్పి ఉండేవాడు. ఆ వేళ్లు చొక్కా అంచును తడిమి, కంతను వెతికి పట్టుకుని, గుండీని అటునుంచి ఇటు లాగాయి. చూడకుండానే, మాటల్లేకుండా, తమ పని తాము చేసుకుపోయాయి.

ఈశ్వరయ్య ఆ వేళ్ల వంకే చూస్తూ కూర్చున్నాడు. జీవితంలో ఎన్నిటికో కుళ్లుకున్నాడు. పలకకు, బల్లకు, బిందెలకు, అంకెకు. ఇంతగా ఎప్పుడూ కుళ్లుకోలేదు. సామేలు మెడ కింది గుండీ కూడా పెట్టి, కాలరు సరిచేసి, తన కుర్చీలోకి వెళ్లి సూదికి పొట్ట మీది చొక్కా ఎత్తాడు.